వ్యాస భేదాలు – నిరూపణ బాధ్యత: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత వస్తువుల ఆధారంగా పరిశీలన

సారాంశం

తెలుగు వ్యాసాన్ని వర్ణనాత్మకం, కథనాత్మకం, వివరణాత్మకం, చర్చాత్మకం అని విభజించి బోధించడం కళాశాలల్లో స్థిరపడిన పద్ధతి. ఈ విభజన రచనారీతిని గుర్తిస్తుంది. కాని ఆ రచనను ఏ ప్రమాణంతో అంచనా వేయాలో చెప్పదు. ప్రతి వ్యాస భేదమూ పాఠకునికి ఒక ప్రత్యేకమైన హామీ ఇస్తుందని, ఆ హామీకి తగిన ఆధారం చూపవలసిన బాధ్యతే ఆ భేదానికి ప్రధాన లక్షణమని ఈ పత్రం ప్రతిపాదిస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతానికి చెందిన పిల్లలమర్రి ఆలయాలు, నాగార్జునసాగర్ ఎడమ కాలువ, ఉప్పుడు బియ్యం, పెద్దగట్టు జాతర, మునగాల పరగణా అనే వస్తువుల ఆధారంగా ఈ ప్రతిపాదనను పరీక్షిస్తుంది.

కీలకపదాలు: వ్యాసం, వ్యాస భేదాలు, నిరూపణ బాధ్యత, మునగాల పరగణా, కొమర్రాజు లక్ష్మణరావు, పిల్లలమర్రి, ఉప్పుడు బియ్యం.

1. ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు సాహిత్య ప్రక్రియల్లో అందరూ రాసేది వ్యాసమే. అయినా దాని లక్షణ చర్చ మాత్రం కథ, నవల, వచన కవితల లక్షణ చర్చ అంత లోతుగా సాగలేదు. పాఠశాల విద్యార్థి మొదలుకొని పరిశోధక విద్యార్థి వరకు, గ్రూప్-1 ప్రధాన పరీక్షలో సాధారణ వ్యాసం పత్రం రాసే అభ్యర్థి వరకు అందరూ వ్యాసం రాస్తారు. వారికి అందే లక్షణ జ్ఞానం మాత్రం తరచుగా రెండు సూత్రాలకే పరిమితమవుతుంది. వ్యాసానికి ఉపోద్ఘాతం, విషయ విస్తరణ, ముగింపు ఉండాలన్నది మొదటిది. వ్యాసాలు నాలుగైదు రకాలు అన్నది రెండవది.

ఈ రెండు సూత్రాలూ తప్పు కావు. అయితే ఒక వ్యాసం ఎందుకు బలంగా ఉందో, మరొకటి ఎందుకు విఫలమైందో వివరించడానికి అవి చాలవు. వర్ణనాత్మక వ్యాసమని పేరు పెట్టిన తరువాత ఆ వర్ణన నమ్మదగినదా కాదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. చర్చాత్మక వ్యాసమని గుర్తించిన తరువాత ఆ చర్చ న్యాయంగా జరిగిందా అన్నది తేలవలసే ఉంటుంది. ఆ మిగిలిన ప్రశ్నకు సమాధానాన్ని వ్యాస భేదాల నిర్వచనంలోనే వెతకడం ఈ పత్రం ఉద్దేశం.

2. వ్యాసం: పేర్లు చెప్పే చరిత్ర

సంస్కృతంలో వ్యాస శబ్దానికి విభజించి విస్తరించడం అనే అర్థం ఉంది. సంక్షేపించి చెప్పడం సమాసం, విస్తరించి చెప్పడం వ్యాసం. ఈ అర్థం ప్రక్రియా స్వభావానికి సరిగానే సరిపోతుంది. అయితే తెలుగులో ఈ ప్రక్రియ మొదట ఈ పేరుతో రాలేదు. సామినేని ముద్దునరసింహం నాయుడు తన ‘హితసూచని’లోని రచనలను ప్రమేయాలు అన్నారు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1862లో ప్రచురితమైంది. ప్రమేయం అంటే ప్రమాణం చేత తెలియదగినది. అంటే తెలుగు వ్యాసానికి పెట్టిన తొలి పేర్లలో ఒకదానిలోనే ప్రమాణ ప్రసక్తి ఉంది.

కందుకూరి వీరేశలింగం కాలానికి ఉపన్యాసం అనే మాట వ్యాప్తిలోకి వచ్చింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ‘సారస్వతోపన్యాసములు’, ‘నాటకోపన్యాసములు’ అన్న పేర్లలోనూ ఆ వాడుక నిలిచింది. ఈ పేరు వేదికను, శ్రోతను గుర్తుచేస్తుంది. క్రమంగా వ్యాసం అనే పేరు స్థిరపడింది. ప్రమేయం ఆధారం వైపు, ఉపన్యాసం శ్రోత వైపు, వ్యాసం విస్తరణ వైపు దృష్టి మళ్లిస్తాయి. నేటి బోధనలో మూడవ అంశమే ప్రధానమై, మొదటి రెండూ వెనుకబడ్డాయి. ఫలితంగా విషయాన్ని ఎంత విస్తరించారన్నదే కొలమానమైంది. ఎవరికి, ఏ ఆధారంతో చెప్పారన్నది కొలమానం కాలేకపోయింది.

పాశ్చాత్య సాహిత్యంలో ఈ ప్రక్రియకు మూలపురుషుడిగా చెప్పే మాంటేన్ 1580లో తన రచనలకు ప్రయత్నం, పరీక్ష అనే అర్థమిచ్చే పేరు పెట్టాడు. 1597లో తొలి వ్యాసాలు వెలువరించిన బేకన్ సంక్షిప్తమైన, సూత్రప్రాయమైన మార్గాన్ని ఎంచుకున్నాడు. ఒకరిది తనను తాను పరీక్షించుకొనే మార్గం, మరొకరిది నిర్ణయాన్ని ప్రకటించే మార్గం. ఆత్మాశ్రయ, వస్త్వాశ్రయ భేదాలకు ఇక్కడే బీజం ఉంది.

3. ప్రచలిత విభజన – పరిమితులు

వాడుకలో ఉన్న విభజనల్లో మూడు వేర్వేరు ప్రాతిపదికలు కలగలిసి కనిపిస్తాయి. వర్ణనాత్మకం, కథనాత్మకం, వివరణాత్మకం, చర్చాత్మకం అనేవి రచనారీతిని బట్టి వచ్చినవి. సాహిత్య వ్యాసం, చారిత్రక వ్యాసం, వైజ్ఞానిక వ్యాసం అనేవి వస్తువును బట్టి వచ్చినవి. ఆత్మాశ్రయ వ్యాసం, వస్త్వాశ్రయ వ్యాసం అనేవి రచయిత స్థానాన్ని బట్టి వచ్చినవి. వీటన్నింటినీ ఒకే వరుసలో రకాలుగా లెక్కించడం వల్ల ఒక చారిత్రక వ్యాసం కథనాత్మకం కాదా అన్న అనవసరమైన సందేహం పుడుతుంది.

పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ వ్యాసాలు ఈ ఇబ్బందికి మంచి ఉదాహరణ. వాటిలో సాక్షి సంఘమనే కల్పన ఉంది, జంఘాలశాస్త్రి వంటి పాత్ర ఉంది, వేదికోపన్యాసపు ధోరణి ఉంది, హాస్యం ఉంది. రీతిని బట్టి చూస్తే అవి ఏ ఒక్క గడిలోనూ ఇమడవు. కాని అవి పాఠకునికి ఇచ్చే హామీ ఏమిటని అడిగితే సమాధానం స్పష్టం. సమాజంలోని ఒక దురాచారాన్నో డాంబికాన్నో బయటపెట్టడమే ఆ హామీ. కల్పన దానికి వాహనం మాత్రమే. అందువల్ల అందులోని పాత్ర నిజంగా ఉన్నదా అని ఎవరూ అడగరు. ఆ దోషం సమాజంలో నిజంగా ఉన్నదా అని మాత్రం అడుగుతారు. ఏ ప్రశ్న అడగడం న్యాయమో నిర్ణయించేది రీతి కాదు, హామీ.

4. ఒకే నేల – వేర్వేరు హామీలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు ఒకప్పుడు ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనివి. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణతో మొదటి రెండూ సూర్యాపేట జిల్లాలోకి వచ్చాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉంది. ఈ ప్రాంతపు వస్తువులను తీసుకొని ఒక్కొక్క వ్యాస భేదం ఏ హామీ ఇస్తుందో, అందుకు ఏ ఆధారం చూపాలో పరిశీలించవచ్చు.

4.1 వర్ణనాత్మక వ్యాసం

సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలంలో రేచెర్ల రెడ్డి ప్రభువులు కట్టించిన ఆలయాలున్నాయి. వీటిని గురించి రాసేటప్పుడు అద్భుతమైన శిల్పసంపద, చూపరులను కట్టిపడేసే సౌందర్యం వంటి మాటలు సులభంగా దొర్లుతాయి. ఈ మాటలు రామప్పకు, వేయిస్తంభాల గుడికి, మరే ఆలయానికైనా సమానంగా సరిపోతాయి. ఎక్కడైనా సరిపోయే వర్ణన ఎక్కడిదీ కాదు.

వర్ణనాత్మక వ్యాసం ఇచ్చే హామీ ‘ఇది ఇలా ఉంది’ అని. దానికి చెల్లించవలసింది విశేషణం కాదు, విశేషం. ఎఱకేశ్వరాలయం, నామేశ్వరాలయం అన్న పేర్లు ఎవరివి, నల్లరాతి స్తంభాల చెక్కడం ఎలా ఉంది, శాసనం ఏ చోట నిలిచి ఉంది అన్న వివరాలు ఉన్నప్పుడే పాఠకుడు ఆ చోటును గుర్తించగలడు. ఎఱకేశ్వరాలయాన్ని 1208లో బేతిరెడ్డి భార్య ఎఱకసాని కట్టించింది. ఒక స్త్రీ పేరు మీద ఆలయం నిలిచిందన్న ఒక్క వివరం పది విశేషణాల కన్నా ఎక్కువ పని చేస్తుంది. అదే సమయంలో వర్ణన తన హద్దు దాటరాదు. ఈ వివరం నుంచి ఆనాటి స్త్రీలందరికీ ఆస్తి స్వాతంత్ర్యం ఉండేదని తేల్చితే అది వర్ణన కాదు, చారిత్రక నిర్ణయం. దానికి ఒక శాసనం చాలదు. దానశాసనాల సముదాయాన్ని పరిశీలించాలి.

4.2 కథనాత్మక వ్యాసం

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాల సేద్యాన్ని మార్చింది. ఈ రెండు తేదీలను చెప్పి, ఆపై పచ్చని పొలాలను చూపితే కథనం పూర్తయినట్లు అనిపిస్తుంది. కాని అది ఆరంభానికీ అంతానికీ మధ్య ఖాళీ వదిలిన కథనం.

కథనాత్మక వ్యాసం ఇచ్చే హామీ ‘ఇది ఇలా జరిగింది’ అని. క్రమం, సాక్ష్యం ఈ రెండూ దాని రుణాలు. జలాశయం కింద మునిగిన ఊళ్లు, నాగార్జునకొండ లోయ నుంచి తరలించిన బౌద్ధ అవశేషాలు, జొన్న, ఆముదం వంటి మెట్ట పంటల స్థానంలోకి వరి రావడం, ఇవన్నీ ఆ క్రమంలోని మెట్లు. ఒకటి ముందు, మరొకటి తరువాత జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణమని చెప్పలేము. కాలువ వచ్చిన తరువాత జరిగిన ప్రతి మార్పునూ కాలువ ఖాతాలో వేయడం కథనాత్మక వ్యాసాల్లో తరచుగా కనిపించే దోషం. విద్యుత్తు, రసాయన ఎరువులు, కొత్త వంగడాలు, రహదారులు కూడా ఆ దశాబ్దాల్లోనే విస్తరించాయి. క్రమాన్ని కారణంగా పొరబడకపోవడం కథన నిజాయితీకి తొలి పరీక్ష.

4.3 వివరణాత్మక, చర్చాత్మక వ్యాసాలు

ఈ రెండింటి మధ్య హద్దు చెరిగిపోవడం విద్యార్థి రచనల్లోనే కాక పత్రికా వ్యాసాల్లోనూ కనిపిస్తుంది. బియ్యం మిల్లులకు పేరుపొందిన మిర్యాలగూడ ఈ హద్దును స్పష్టం చేసే ఉదాహరణను అందిస్తుంది.

యాసంగి ధాన్యాన్ని పచ్చిగా మర పట్టిస్తే నూక ఎక్కువగా వస్తుంది. కోతకు వచ్చే వేళ ఎండ తీవ్రత వల్ల గింజలో పగుళ్లు ఏర్పడడం ఇందుకు ముఖ్య కారణం. ధాన్యాన్ని నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆపై పొట్టు తీస్తే గింజ గట్టిపడి నూక తగ్గుతుంది. ఇలా తయారయ్యేదే ఉప్పుడు బియ్యం. ఇంతవరకు ఇది వివరణ. దీని హామీ ‘ఇది ఇందువల్ల ఇలా అవుతుంది’ అని. నిర్వచనం, ప్రక్రియా క్రమం, కారణం స్పష్టంగా ఉంటే ఈ రుణం తీరుతుంది.

2021, 2022 సంవత్సరాల్లో యాసంగి ఉప్పుడు బియ్యం సేకరణ మీద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల మధ్య వివాదం నడిచింది. కేంద్రం ఉప్పుడు బియ్యాన్ని కొనాలా వద్దా అన్న ప్రశ్న వేసిన క్షణం రచన చర్చాత్మకం అవుతుంది. హామీ ‘ఇలా ఉండడం న్యాయం’ అనే రూపానికి మారుతుంది. అప్పుడు నూక శాతాన్ని వివరించడం ఒక్కటే చాలదు. ఉప్పుడు బియ్యం తినే రాష్ట్రాల్లో గిరాకీ తగ్గిందని, నిల్వలు పేరుకుపోయాయని కేంద్రం చేసిన వాదనను దాని పూర్తి బలంతో చెప్పాలి. నూక నష్టం ఎవరు భరించాలి, కాలువ కింద నీరు నిలిచే భూముల్లో వరి తప్ప వేరే పంట సాధ్యమా అన్న రైతు పక్షపు ప్రశ్నలను కూడా అంతే బలంగా నిలబెట్టాలి. ప్రతిపక్షాన్ని బలహీనపరిచి గెలిచిన చర్చాత్మక వ్యాసం పాఠకుని ఒప్పించదు. అప్పటికే ఒప్పుకున్నవారిని సంతోషపెడుతుంది, అంతే.

వివరణ ముసుగులో చర్చ నడపడం ఇంకా పెద్ద దోషం. ‘కారణాలు’ అనే శీర్షిక కింద ఒక పక్షపు వాదనలనే పేర్చితే పాఠకుడు వాటిని నిర్వివాద సత్యాలుగా స్వీకరించే ప్రమాదం ఉంది. వ్యాస భేదాన్ని గుర్తించడం పరీక్షలో మార్కుల కోసమే కాదు. మోసపోకుండా చదవడానికి కూడా అది అవసరం.

4.4 ఆత్మాశ్రయ వ్యాసం

సూర్యాపేట సమీపంలోని దురాజ్‌పల్లిలో లింగమంతులస్వామికి రెండేళ్లకు ఒకసారి పెద్దగట్టు జాతర జరుగుతుంది. యాదవుల ఆరాధనా సంప్రదాయంతో ముడిపడిన ఈ జాతరలో ఓ లింగా అనే నామస్మరణ, భేరీల మోత ప్రధానంగా వినిపిస్తాయి. దీని మీద రాసిన వ్యాసంలో రచయిత తన బాల్య జ్ఞాపకాన్ని చెప్పవచ్చు, తన భక్తిని గాని సందేహాన్ని గాని వ్యక్తం చేయవచ్చు. ఆత్మాశ్రయ వ్యాసం ఇచ్చే హామీ ‘ఇది నాకు ఇలా అనిపించింది’ అని. అనుభూతికి శాసనం, గణాంకం అక్కర్లేదు. నిజాయితీ కావాలి. ‘నాకు’ అన్నది ఏ వాక్యంలో ‘మనకు’ అవుతుందో అక్కడ మాత్రం బాధ్యత పెరుగుతుంది. ఒకరి అనుభవం ఒక సముదాయపు అనుభవంగా మారాలంటే ఆ సముదాయపు గొంతులు వినిపించాలి.

మౌఖిక కథనం ఇక్కడ మరొక సమస్యను ముందుకు తెస్తుంది. సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం కథనం ‘మనకు తెలియని మన చరిత్ర’లోనూ, తరువాత ‘నా మాటే తుపాకి తూటా’లోనూ అక్షరబద్ధమైంది. చెప్పినవారు ఒకరు, రాతలో కూర్చినవారు మరొకరు. ఇటువంటి రచనలను ఆధారంగా తీసుకొని రాసే వ్యాసం ఆ ‘నేను’ ఎలా రూపొందిందో గుర్తించాలి. జ్ఞాపకం అనుభవానికి బలమైన సాక్ష్యం. తేదీలకు, సంఖ్యలకు మాత్రం దానితో పాటు ఇతర ఆధారాలు చూడవలసి ఉంటుంది.

5. మునగాల: ఒక పరీక్షా స్థలం

సూర్యాపేట, కోదాడల మధ్య, నేటి 65వ జాతీయ రహదారి మీద ఉన్న మునగాల తెలుగు వ్యాస చరిత్రలో విశిష్టమైన చోటు. చుట్టూ నిజాం రాజ్యం ఉండగా మునగాల పరగణా మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందినది. 1959లో అది నల్లగొండ జిల్లాలో కలిసింది. ఈ జమీందారు నాయని వెంకటరంగారావు. ఆయన వద్ద దివానుగా పనిచేసినవారు కొమర్రాజు లక్ష్మణరావు (1877–1923).

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనలో, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పాటులో వీరిద్దరి పాత్ర ఉంది. ఆ మండలి చరిత్రను, విజ్ఞానశాస్త్రాన్ని, జీవిత చరిత్రలను తెలుగు వచనంలో పాఠకులకు అందించింది. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ ఆ కృషిలో భాగంగా వెలువడింది. ఆపై లక్ష్మణరావు ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ చేపట్టారు. చరిత్ర రచనలో శాసనాధారాలకు ప్రాధాన్యమిచ్చిన తొలితరం తెలుగు పరిశోధకుల్లో ఆయన ఒకరు. ఆయన వ్యాసాలు ‘లక్ష్మణరాయ వ్యాసావళి’గా సంకలితమయ్యాయి. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించిన భండారు అచ్చమాంబ ఆయన సోదరి. పరిశోధన వ్యాసం ఇచ్చే హామీ ‘ఇది ఇందువల్ల తెలిసింది’ అని. ప్రమేయం అన్న పాత పేరు సూచించిన ప్రమాణ దృష్టి లక్ష్మణరావు మార్గంలో పరిశోధన పద్ధతిగా స్థిరపడింది.

మునగాలకు మరొక చరిత్ర కూడా ఉంది. 1930ల నాటికి ఆ పరగణా రైతులు జమీందారీ వ్యవస్థకు, వెట్టికి వ్యతిరేకంగా ఉద్యమించారు. విద్యాపోషకుడిగా ప్రసిద్ధుడైన జమీందారు పరగణాలోనే ఈ పోరాటం జరిగింది. ఈ రెండు చరిత్రలూ నిజమే. వీటిని వ్యాసకర్తలు ఎలా నిర్వహించాలన్నది వ్యాస లక్షణ చర్చకు అసలైన పరీక్ష.

‘మునగాల జమీందారు సాహిత్య పోషణ’ అన్న శీర్షికతో రాసిన వ్యాసం రైతు ఉద్యమాన్ని విస్తరించి చెప్పనవసరం లేదు. దాని హామీ పరిమితమైనది. గ్రంథాలయం, మండలి, ప్రచురణల ఆధారాలు చూపితే దాని బాధ్యత తీరుతుంది. కాని ముగింపులో ఆయనను ‘ప్రజాహితమే జీవితంగా గడిపిన ప్రభువు’ అని తేల్చితే శీర్షిక ఇచ్చిన హామీని దాటినట్టే. ప్రజ అన్న మాటలో రైతు కూడా ఉన్నాడు గనుక అతని సాక్ష్యం కూడా తప్పనిసరి అవుతుంది. ‘మునగాల పరగణా చరిత్ర’ అని శీర్షిక పెట్టి గ్రంథాలయోద్యమంతో ముగిస్తే అది మౌనం ద్వారా చేసిన అసత్యం.

దీనికి వ్యతిరేక దిశలోని దోషం కూడా గమనార్హమే. రైతు ఉద్యమ చరిత్ర రాసే వ్యాసం విజ్ఞాన చంద్రికా మండలిని ప్రస్తావించకపోవచ్చు. కాని ఆ పోషణ అంతా పేరు కోసం చేసిన ఆడంబరమని తీర్పు ఇవ్వాలంటే అందుకు వేరే ఆధారాలు కావాలి. లక్ష్మణరావు 1923లోనే మరణించారు. 1930ల ఉద్యమాన్ని ముందుకు తెచ్చి ఆయన రచనలను కొలవడం కాలక్రమాన్ని తారుమారు చేయడమే. దివానుగా ఆయన కాలంలో శిస్తు వసూళ్లు, రైతుల స్థితి ఎలా ఉండేవన్నది న్యాయమైన ప్రశ్నే. అది వేరొక పరిశోధన వ్యాసానికి వస్తువు. పరగణా పరిపాలనా పత్రాలే దానికి ఆధారం కావాలి.

సంస్మరణ వ్యాసాల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. జయంతులు, వర్ధంతుల సందర్భంగా వచ్చే ప్రశంసాత్మక వ్యాసం గౌరవం తెలుపుతానని హామీ ఇస్తుంది. గౌరవించడం దాని ధర్మం. అయితే తరువాతి పరిశోధకులు దాన్ని చారిత్రక ఆధారంగా ఉటంకించినప్పుడు ప్రశంస ప్రమాణంగా మారిపోతుంది. ప్రాంతీయ సాహిత్య చరిత్రల్లో నిలిచిపోయిన అనేక అతిశయోక్తులకు మూలం ఈ భేద సాంకర్యమే.

6. మిశ్రమం దోషం కాదు

పై పరిశీలన వ్యాస భేదాల మధ్య గోడలు కట్టమని చెప్పడం లేదు. మంచి వ్యాసంలో వర్ణన, కథనం, చర్చ తరచుగా కలిసే ఉంటాయి. ఎడమ కాలువ కథ చెబుతూ వరి ఏకపంట మీద చర్చకు దిగవచ్చు. పిల్లలమర్రిని వర్ణిస్తూ శాసన పరిశోధనలోకి వెళ్లవచ్చు. కావలసినది ఒక్కటే. రచన ఒక భేదం నుంచి మరొక భేదంలోకి దాటిన చోట ఆధారం కూడా మారాలి. అనుభూతి నుంచి నిర్ణయానికి, క్రమం నుంచి కారణానికి, ప్రశంస నుంచి చరిత్రకు దాటే వాక్యాలే వ్యాసంలో అత్యంత బలహీనమైన చోట్లు. విమర్శకుడు మొదట చూడవలసింది అక్కడే.

బోధనలో కూడా దీన్ని సులభంగా ఆచరించవచ్చు. విద్యార్థికి ఒక వ్యాసం ఇచ్చి అది ఏ రకమని అడిగితే ఒక్క మాట సమాధానం వస్తుంది. అందులో ప్రతి పేరా ఏమి హామీ ఇస్తోంది, దానికి ఏమి చూపింది, ఏమి చూపలేదు అని అడిగితే పఠనం మొదలవుతుంది. విద్యార్థులకు తెలిసిన వస్తువునే తీసుకొని నాలుగు భేదాల్లో నాలుగు పేరాలు రాయించినప్పుడు రీతితో పాటు బాధ్యత కూడా ఎలా మారుతుందో వారికి అనుభవంలోకి వస్తుంది.

7. ముగింపు

వ్యాస భేదాలను రీతిని బట్టి, వస్తువును బట్టి, రచయిత స్థానాన్ని బట్టి చేసిన విభజనలు ఉపయోగకరమే. అవి వ్యాసం రూపాన్ని చెబుతాయి. దాని విలువను తేల్చడానికి నిరూపణ బాధ్యత అనే ప్రమాణం కూడా అవసరం. వర్ణనకు విశేషం, కథనానికి క్రమం, సాక్ష్యం, వివరణకు నిర్వచనం, కారణం, చర్చకు ప్రతిపక్షం, ఆత్మాశ్రయానికి నిజాయితీ, పరిశోధనకు మూలాధారం ఆయా భేదాల కనీస రుణాలు.

మునగాల ఉదాహరణ స్పష్టం చేసినట్లు ఇది పారిభాషిక చర్చ మాత్రమే కాదు. ఒక ప్రాంతం గురించి తరువాతి తరం ఏమి నమ్ముతుందో ఆ ప్రాంతం మీద రాసిన వ్యాసాలు నిర్ణయిస్తాయి. గ్రంథాలయానికి పుస్తకాలు ఇచ్చిన చేతినీ, వెట్టి చేసిన చేతినీ ఒకే చరిత్రలో చూడగల పాఠకుని తయారుచేయడం వ్యాస బోధన ప్రయోజనం కావాలి.